పూతకాలపు జ్వరం

అల్లూరి సీతారామరాజు జిల్లా అరకు లోయలోని వారపు సంతలో ముగ్గురు తరచుగా కలుస్తుంటారు: కోడలి నెలసరి లెక్క తప్ప మరే లెక్కా పట్టని అత్త, ఏ లోపానికైనా ఒకే సీసా చూపే గుడారం వైద్యుడు, ఎవరూ అడగని సంగతిని విడమరచి చెప్పే అలవాటున్న ల్యాబ్ టెక్నీషియన్. సంభాషణ కోడలి కడుపు పండకపోవడం గురించే గాని, కొడుకు ప్రస్తావన అందులోకి ఆలస్యంగా వస్తుంది.

అత్త: పెళ్ళయి ఆరు నెలలైంది బాబూ. దిసారికి చూపించాం, కోడిని కూడా ఇచ్చాం.

(దిసారి అంటే గూడెంలో ముహూర్తాలు, దోషాలు చూసి చెప్పే పెద్ద.)

వైద్యుడు: కోడలికి ఈ వేరు, అబ్బాయికి ఈ బలం సీసా. మగవాడికి లోపమేమిటి గాని, సీసా ఊరికే పోకూడదు కదా!

టెక్నీషియన్: ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతేనే వైద్యులు దాన్ని సంతానలేమి అంటారు. అది సరే, అబ్బాయికి ఈ మధ్య జ్వరమేమైనా వచ్చిందా పెద్దమ్మా?

అత్త: వానల్లో మలేరియా వచ్చి పది రోజులు మంచం దిగలేదు. అయినా జ్వరం తలకెక్కుతుంది గాని, అక్కడికెందుకు దిగుతుంది?

టెక్నీషియన్: వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి కాబట్టి అవి ఒంటి బయట సంచిలో ఉంటాయి. తీవ్రమైన జ్వరం ఆ చల్లదనాన్ని చెరిపేస్తుంది. ఒక కణం రూపొందడానికి దాదాపు 74 రోజులు, ఆపైన నాళంలో పక్వం కావడానికి మరికొన్ని రోజులు పడుతుంది గనుక, వానల్లో తగిలిన దెబ్బ జ్వరం తగ్గిన రెండు మూడు నెలల దాకా వీర్యంలో కనబడుతూనే ఉంటుంది. కాఫీ తోటలోనూ ఇంతే: మార్చి, ఏప్రిల్‌లలో పూతవాన తప్పితే నష్టం నవంబరు కోతకు బయటపడుతుంది. అప్పుడు బుట్ట పట్టుకున్న ఆడమనిషిని ఎవరూ నిందించరు.

వైద్యుడు: అయితే బలం సూది వేయిస్తే సరి!

టెక్నీషియన్: ఆ సూదిలో టెస్టోస్టెరాన్, అంటే పురుష హార్మోను, ఉంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే సంకేతాలు తగ్గిపోతాయి, కండ పెరుగుతుంది, కణాలు తగ్గుతాయి.

వైద్యుడు: సికిల్ సెల్ ఉన్న పక్కింటి కుర్రాడు పిల్లలు కావాలంటే, హైడ్రాక్సీయూరియా మాత్రలు మానేయమని ఈ గుడారమే సలహా ఇచ్చింది. అదీ తప్పేనా?

టెక్నీషియన్: ఆ మాత్రలు వీర్యకణాలను తగ్గించగలవన్నది నిజమే గాని, మానాలో వద్దో చెప్పవలసింది గుడారం కాదు, చికిత్స చేసే వైద్యుడు, తనంతట తాను మానేస్తే నొప్పుల దాడులు తిరగబెట్టవచ్చు.

(ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగే ఈ వంశపారంపర్య వ్యాధి నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశముంది. గుడారం సీసా మీద ఈ సంగతి రాసి ఉండదు.)

అత్త: గవదబిళ్ళలు కూడా వచ్చాయి వాడికి.

టెక్నీషియన్: చిన్నప్పుడా?

అత్త: ఐదేళ్ళప్పుడు.

టెక్నీషియన్: అయితే అంత భయం లేదు. యుక్తవయసు దాటాక వస్తేనే వృషణాలు వాచే ప్రమాదం ఎక్కువ. ఇప్పటికి తొందరేమీ లేదు గాని, మనసు ఆగకపోతే జ్వరం తగ్గిన మూడు నెలలకు వీర్యపరీక్ష చేయించండి. అంతకుముందు చేయిస్తే ఫలితంలో జ్వరమే కనబడుతుంది.

అత్త: వాడికి సిగ్గు బాబూ. ఆ పరీక్షేదో కోడలితో చేయించేస్తే సరిపోదా?