మీరు కళ్లు మూసుకోండి, మేం చూసి చెబుతాం

బూతుబొమ్మలు చూస్తే మనిషి చెడిపోతాడని అమెరికా పెద్దలు నూటయాభై ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. చూసి తీర్పు చెప్పే పెద్దలు మాత్రం చెడిపోరు. వాళ్లకేదో కవచం ఉంది.

ఈ వంశానికి మూలపురుషుడు ఆంథొనీ కామ్‌స్టాక్. 1873లో పట్టుబట్టి చట్టం చేయించి, తపాలాశాఖ అధికారి హోదా సంపాదించాడు. దొంగపేర్లతో ఉత్తరాలు రాసి, సరుకు తెప్పించుకుని, పంపినవాణ్ని పట్టుకునేవాడు. గర్భం రాకుండా జాగ్రత్తలు చెప్పే కరపత్రం కూడా ఆయన లెక్కలో బూతే. 1913లో న్యూయార్క్‌లో ఒక దుకాణం అద్దంలో 'సెప్టెంబర్ మార్న్' అనే పటం కనబడింది. నీళ్లలో చలికి ముడుచుకుని నిలబడ్డ దిగంబర స్త్రీ. తీసేయమని గద్దించాడు. ఇంకేం, ఆ పటం దేశమంతా అమ్ముడుపోయింది!

1964లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పాటర్ స్టీవార్ట్, బూతంటే ఏమిటో నిర్వచించలేను గానీ చూస్తే తెలుస్తుందన్నాడు. అలాంటప్పుడు చూడక తప్పుతుందా? విచారణకొచ్చిన సినిమాలకు కోర్టు భవనంలోనే ప్రదర్శనలు. చూపు దాదాపు పోయిన న్యాయమూర్తి హార్లన్ కూడా హాజరే. ధృతరాష్ట్రుడికి సంజయుడు చెప్పినట్టు, తెరమీద ఏం జరుగుతోందో పక్కవాళ్లు చెప్పేవారట. న్యాయమూర్తులు బ్లాక్, డగ్లస్ మాత్రం వెళ్లేవారు కాదు. ఏదీ నిషేధించకూడదనే వాళ్లకు సినిమాతో పనేముంది?

ఇక కమిషన్లు. 1970లో ఒకటి, వీటివల్ల నేరాలు పెరుగుతాయనడానికి ఆధారం లేదంది. అధ్యక్షుడు నిక్సన్ ఆ నివేదికను విసిరికొట్టాడు. 1986లో అటార్నీ జనరల్ మీస్ హయాంలో ఇంకొకటి, 1,960 పేజీలు. అందులో వేలాది పత్రికల, సినిమాల పేర్లు, కొన్నింటి కథలు సవివరంగా. వెతుక్కునేవాడికి ఇంతకంటే మంచి కేటలాగు ఏ వ్యాపారీ ఇవ్వలేదు.

నిజంగా అడగాల్సిన మాట 1983లో మినియాపొలిస్‌లో స్త్రీవాదులు ఆండ్రియా డ్వార్కిన్, కేథరిన్ మెకినన్ అడిగారు. ఈ వ్యాపారంవల్ల దెబ్బతిన్న ఆడవాళ్లకు నష్టపరిహారం దావా వేసే హక్కు ఇవ్వమన్నారు. వాళ్ల పరిష్కారంతో నాకు పేచీ ఉంది, ప్రశ్నతో లేదు. మేయర్ ఆ ప్రతిపాదనను వీటో చేశాడు.

మీస్ తన నివేదిక విడుదల చేసింది న్యాయశాఖ హాల్లో, ఒక రొమ్ము కప్పుకోని న్యాయదేవత విగ్రహం ముందు. ఫొటోగ్రాఫర్లు మీస్‌నీ, విగ్రహాన్నీ ఒకే ఫ్రేములో పట్టారు. ఆ భయమేమో, 2002లో అటార్నీ జనరల్ ఆష్‌క్రాఫ్ట్ హయాంలో ఎనిమిదివేల డాలర్లు పోసి విగ్రహానికి అడ్డంగా తెర కట్టారు. టీవీలో అందంగా కనబడటానికేనన్నారు. 2005లో తెర తీసేశారు. బిల్లు జనం కట్టారు.