నది గీసిన దారి

నేను తకయామా రైలు మార్గాన్ని. జపాన్ నడిబొడ్డున గిఫు నగరంలో మొదలై, హిదా కొండల్లోంచి సాగి, తొయామాలో ఆగుతాను. నా పొడవు 225.8 కిలోమీటర్లు. మొత్తం సింగిల్ లైనే. ఎదురుబండి వస్తోందంటే ఏదో ఒక చిన్న స్టేషన్లో రెండోది కాచుకుని ఉండాల్సిందే. గెరో, తకయామా, హిదా ఫురుకావా, యాత్సువో వంటి పాత ఊళ్ళు నా వెంటే ఉన్నాయి. చూడచక్కని రైలు ప్రయాణాల గురించి మాట వచ్చినప్పుడు నా పేరూ చెబుతారు. అందుకు సంతోషమే. కానీ ఆ మెచ్చుకోలు వెనక ఉన్న ఒక ఆలోచనను నేను ఒప్పుకోలేను. చూడాల్సింది ఊరనీ, కిటికీలో కనిపించేదంతా ఊరు వచ్చేదాకా కాలక్షేపమనీ చాలామంది అనుకుంటారు. లోయను చూడనివారు తకయామా వీధుల్లో ఎంతసేపు తిరిగినా ఆ ఇళ్ళు అక్కడ అలా ఎందుకు ఉన్నాయో తెలుసుకోలేరని నేనంటాను. మినో ఓతా దాటాక హిదా నది నా పక్కకు వచ్చిన చోటే ఆ ఊరి చరిత్ర మొదలవుతుంది.

నన్ను అందం కోసం ఎవరూ వేయలేదు. 1920లో గిఫు నుంచి కొద్ది దూరం పట్టాలు పడ్డాయి. 1927లో తొయామా వైపు నుంచి యాత్సువో దాకా ఇంకో ముక్క వచ్చింది. ఆ రెండు కొసలూ ఏటికింత చొప్పున కొండల్లోకి చొచ్చుకువచ్చి, 1934 అక్టోబర్ 25న కలిశాయి. తకయామా స్టేషన్ తెరిచింది ఆ రోజే. పొడవైన సొరంగాలు తవ్వడం చాలా ఖర్చుతో కూడిన ఆ కాలంలో నన్ను వేసినవారు నీటిని నమ్ముకున్నారు. దక్షిణాన హిదా నదిని పట్టుకుని ఎగువకు వచ్చారు. కుగునో దాటాక సుమారు రెండు కిలోమీటర్ల మియా సొరంగంతో గట్టు దాటారు. అవతల మియా నది వెంబడి దిగారు. ఆ గట్టుకు ఇవతల పడ్డ వాన ఇసే అఖాతం మీదుగా పసిఫిక్‌కు పోతుంది, అవతల పడ్డది జపాన్ సముద్రంలో కలుస్తుంది. నా ప్రతి వంపుకూ, ఏటి మీద నేను అటూ ఇటూ దాటే ప్రతి వంతెనకూ కారణం ఆ కొండవాలే. తెలుగువారికి ఇది కొత్త సంగతి కాదు. విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే లైను 1960లలో పుట్టింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడానికి, అదీ జపాన్ ఉక్కు కర్మాగారాల కోసం. ఈరోజు అద్దాల పెట్టెలో కూర్చుని అనంతగిరి లోయలను చూసేవారు నిజానికి ఆ ఖనిజపు దారినే చూస్తున్నారు. నా సంగతీ అంతే. నా కిటికీలో కనిపించే ప్రతిదానికీ ఒక పని చరిత్ర ఉంది.

నా విషయంలో ఆ పని పేరు కలప. హిదా సీమలో వరి పండే నేల తక్కువ. ఇప్పటికీ తకయామా నగరపాలక పరిధిలో తొంభై శాతానికి పైగా అడవే. అందుకే 8వ శతాబ్దపు చట్టాలు ఈ సీమకు ఒక ప్రత్యేక ఏర్పాటు చేశాయి. మామూలు పన్నులు మాఫీ చేసి, వాటికి బదులు ఊరికి పదిమంది చొప్పున వడ్రంగులను రాజధానికి పంపమన్నాయి. నాటి రాజధానులైన నారా, క్యోటోల కట్టడాల్లో ఆ చేతుల పని ఉంది. తర్వాత 1692లో తొకుగావా ప్రభుత్వం ఇక్కడి కనమోరి ప్రభువులను వేరే చోటికి పంపి హిదాను నేరుగా తన ఏలుబడిలోకి తీసుకుంది. ఈ అడవుల మీదా గనుల మీదా దాని కన్ను పడిందన్నది చరిత్రకారుల మాట. తకయామాలో నిలిచి ఉన్న జిన్యా కచేరీ ఆ పాలన గుర్తు. దేశంలో అలాంటి కచేరీల్లో ప్రధాన భవనం మిగిలింది ఇదొక్కటే. కొట్టిన చెట్లు ఊరు దాటింది ఎలా? నీటి మీదే. దుంగలను విడివిడిగా నదిలోకి వదిలేవారు. ఇరుకు గండ్లలో తెప్ప కడితే రాళ్ళకు తగిలి ముక్కలవుతుంది కాబట్టి, లోయ వెడల్పయ్యే షిమోఅసో దగ్గర నదికి అడ్డంగా మోకు కట్టి దుంగలను ఆపి, అక్కడ తెప్పలుగా కట్టి కిందికి పంపేవారు. షిమోఅసో ఇప్పుడు నా మీద ఒక చిన్న స్టేషన్. ఎక్స్‌ప్రెస్ బళ్ళు దాన్ని ఆగకుండా దాటేస్తాయి. అక్కణ్ణుంచి ఎగువకు నది ఎలా ఇరుకవుతుందో, రాళ్ళు ఎలా మీదికి వస్తాయో కళ్ళారా చూసినవారికి తకయామాలోని కుసకబే ఇల్లు వేరుగా కనిపిస్తుంది. 1879లో కట్టిన ఆ వర్తకుల ఇంటి దూలాలను తల ఎత్తి చూసినప్పుడు, అంత దళసరి కలప ఈ ఊరికి ఎందుకు అలవాటో, దాన్ని మలిచే నేర్పు ఎన్ని తరాలదో అర్థమవుతుంది. ఆ కొండా ఏరూ లేకపోతే అది చక్కగా నిలబెట్టుకున్న ఒక పాత ఇల్లు మాత్రమే.

దీనికి వచ్చే మొదటి ఆక్షేపణ బలమైనదే. నెమ్మదిగా చేసే ప్రయాణాన్ని పొగడటం సుఖంగా ఉన్నవారి ముచ్చట అంటారు. కొండల్లో బతికినవారికి దూరం ఒక శాపం. నిజం. నేను రాకముందు హిదా పల్లెల ఆడపిల్లలు 1,672 మీటర్ల ఎత్తున్న నొముగీ కనుమను కాలినడకన దాటి సువా ప్రాంతపు పట్టు మిల్లుల్లో పనికి వెళ్ళేవారు. ఏడాది చివర మంచులో అదే దారిన తిరిగి వచ్చేవారు. ఆ మంచులో జారిపడినవారూ, జబ్బుచేసి ఇల్లు చేరకుండానే పోయినవారూ ఉన్నారు. నేను పూర్తయ్యాక ఆ నడక ఆగింది. నా పుట్టుకలో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చే సంగతి ఇదే. కాబట్టి కష్టాన్ని అందమని నేననను. పాత దూరాన్ని మనిషికి భరించదగినంతగా తగ్గించాను, కానీ దాన్ని కంటికి కనబడకుండా చెరిపేయలేదు. నా విలువ ఆ రెంటి మధ్య ఉందన్నదే నా మాట.

చెరిపేసే దారులూ ఉన్నాయి. 2008లో పూర్తయిన తొకాయ్-హొకురికు ఎక్స్‌ప్రెస్‌వే హిదా సొరంగంలో సుమారు 10.7 కిలోమీటర్లు కొండ కిందే నడుస్తుంది. తోక్యో-నగోయాల మధ్య కడుతున్న మాగ్లెవ్ మార్గంలో ఎనభై ఆరు శాతం సొరంగమే. వాటి పని వాటిది. అత్యవసరంగా ఆసుపత్రికి చేరాల్సిన మనిషికి ఎక్స్‌ప్రెస్‌వే కన్నా మేలైనది లేదు. బస్సు టికెట్ కూడా చవక. అయితే పాత ఊళ్ళను చూడబోయేవారు నగోయా నుంచి తకయామాకు నా మీదుగా పట్టే రెండున్నర గంటలను నష్టంగా లెక్కవేస్తే, ఆ లెక్క తప్పు. ఆ గంటలు ఊరిని చూసిన సమయంలో చేరాలి. నెమ్మది అంటే పాతబడటం అని కూడా అనుకోనవసరం లేదు. 2022 నుంచి నా మీద నడుస్తున్న హైబ్రిడ్ ఎక్స్‌ప్రెస్ బళ్ళలో డీజిల్ ఇంజన్ కరెంటును తయారుచేస్తుంది, బ్యాటరీ దానికి తోడవుతుంది, చక్రాలను మోటార్లు తిప్పుతాయి. పట్టాల మీద కరెంటు తీగలు లేకుండానే ఇదంతా జరుగుతోంది.

ఇంకో అభ్యంతరం నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. కిటికీ అబద్ధం చెబుతుందని, కష్టనష్టాలను దాచి బొమ్మలాంటి దృశ్యాన్ని చూపిస్తుందని అంటారు. హిదా నదిలో అందరూ ఫొటోలు తీసుకునే ఆకుపచ్చ నీళ్ళు చాలా చోట్ల జలవిద్యుత్ ఆనకట్టల వెనక నిలిచిన నీళ్ళే. ఉత్తరాన ఇనోతానీ దగ్గర మియా నదిలో తకహారా నది కలిసి జింజూ అవుతుంది. ఆ తకహారా ఎగువన కమియోకా గని ఉంది. అక్కడి వ్యర్థాల్లోని కాడ్మియం నీటిలో కలిసి, దిగువ వరిపొలాలకు చేరి, అన్నంతో పాటు మనుషుల ఒంట్లోకి పోయింది. ఎముకలు పెళుసై, కదిలితే విరిగి, జనం అనుభవించిన ఆ నరకాన్ని ఇతాయ్-ఇతాయ్ వ్యాధి అన్నారు. దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ప్రభుత్వం గుర్తించింది 1968లో. ఇదంతా కిటికీలోంచి కనపడదన్న మాట ఒప్పుకుంటాను. కానీ నది కనపడుతుంది, రెండు పాయలు కలిసే చోటు కనపడుతుంది, ఆ కింద పొలాలు మొదలయ్యే చోటూ కనపడుతుంది. విషం ఏ దారిన ప్రయాణించిందో తెలుసుకోవడానికి అదే దారిన ప్రయాణించడం కన్నా మంచి పాఠం నాకు తెలియదు. దృశ్యం అబద్ధం చెప్పదు. దాని గురించి ఎవరూ ఏమీ చెప్పకపోవడమే లోపం. బండిలో ప్రకటనలు గండ్ల పేర్లూ వంతెనల పేర్లూ చెప్పినట్టే ఈ సంగతీ చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

చివరి ప్రశ్న డబ్బుది. 2004 అక్టోబర్‌లో వచ్చిన తుపానుకు తకయామాకు ఉత్తరాన నా వంతెనలు కొట్టుకుపోయాయి. దారి పూర్తిగా తెరుచుకునేసరికి 2007 సెప్టెంబర్ వచ్చింది. 2018 వానలకు మళ్ళీ తెగాను. బడిపిల్లలూ ముసలివాళ్ళూ తప్ప పెద్దగా ఎక్కని ఆ ఉత్తర భాగాన్ని మాటిమాటికీ బాగుచేయడం దేనికని అడగటం సహజం. ఆ బడిపిల్లలే సగం జవాబు. మిగతా సగం ఆ దారిలోనే ఉంది. తకయామా నుంచి పావుగంటలో వచ్చే ఫురుకావాలో తెల్లటి గోడల కొట్లూ, వాటి వెనక కాలువలో కోయి చేపలూ ఉన్నాయి. ఇంకా కిందికి వెళితే గాలివానలు పంటను పాడుచేయకూడదని సెప్టెంబర్ తొలి మూడు రాత్రులు పాడుతూ ఆడే యాత్సువో ఉంది. తొయామా తీరంలో ఉప్పు పట్టించిన బురి చేపలను కూలీలు వీపున మోసుకుని తకయామాకు తెచ్చింది కూడా ఈ వైపు నుంచే; సంవత్సరాంతపు విందుకు ఆ చేప ఉండాల్సిందే. దక్షిణపు సగం కలప కథ చెబితే, ఉత్తరపు సగం ఉప్పు కథ చెబుతుంది. తకయామాలో దిగి వచ్చిన దారినే వెనక్కి మళ్ళే ప్రయాణికులు చాలామంది. వారికి నా సలహా ఒక్కటే: టికెట్ తొయామా దాకా తీసుకోండి.