పేర్లు తర్వాత, ముందు క్రియలు లెక్కపెట్టండి

ఇంగ్లీషు క్లాజులు కొరుకుడు పడటం లేదని బెంగపడే పిల్లలకు నేనిచ్చే సలహాలు చాలామంది మాస్టార్లకు తలకిందులుగా కనిపిస్తాయి. అయినా ఇస్తాను, ఎందుకంటే భయపెడుతున్నది వ్యాకరణం కాదు, దాన్ని మొదలుపెట్టే చోటు.

నిర్వచనాలు మూసేయండి. పూర్తి అర్థమిచ్చేది ఇండిపెండెంట్ క్లాజ్, ఇవ్వనిది డిపెండెంట్ క్లాజ్ అని వల్లెవేసిన పిల్లవాడికి 'హి లెఫ్ట్ ఇట్ దేర్' ఇచ్చి చూడండి. ఎవరు, దేన్ని, ఎక్కడ వదిలేశాడు? ఒక్కటీ తెలియదు. అయినా అది నిక్షేపంగా ఇండిపెండెంట్ క్లాజే. కాబట్టి అర్థం జోలికి పోకండి. కాలాన్ని చూపే క్రియల కోసం వెతకండి: వెంట్, ఈజ్, హ్యాజ్ కమ్, విల్ గో. అవి ఎన్నుంటే క్లాజులు అన్ని. టు గో, గోయింగ్ లాంటివి ఒంటరిగా వస్తే లెక్కలోకి రావు. 'హి కేమ్ అండ్ శాట్' దగ్గర మాత్రం పుస్తకాలే తగువు పడతాయి. రెండో కర్త లోపల ఉందనుకుని కాంపౌండ్ సెంటెన్స్ అనేవి కొన్ని, కర్త ఒక్కటే కాబట్టి సింపుల్ సెంటెన్స్ అనేవి కొన్ని. పరీక్ష రాసేవాళ్లు తమ పాఠ్యపుస్తకం పక్షాన ఉండటమే క్షేమం.

ఇంగ్లీషు క్లాసులోకి తెలుగును రానివ్వొద్దంటారు. రానివ్వండి. సమాపక క్రియ, అసమాపక క్రియ మన పిల్లలు తెలుగు పాఠంలో నేర్చుకున్నవే, అదే ఇక్కడి పనిముట్టు. వాక్యాల పేర్లను మాత్రం గడప దాటనివ్వకండి. 'సీత బజారుకు వెళ్లి కూరలు తెచ్చింది' తెలుగు క్లాసులో సంశ్లిష్ట వాక్యం. సంశ్లిష్టమంటే కాంప్లెక్స్ కదా అని 'గోయింగ్ టు ది మార్కెట్, సీత బాట్ వెజిటబుల్స్' పక్కన కాంప్లెక్స్ అని రాస్తే మార్కు పోతుంది. కాలం చూపే క్రియ 'బాట్' ఒక్కటే, కనుక సింపుల్. తెలివైన పిల్లలే ఇక్కడ ఎక్కువగా పడతారు. వాళ్లు రెండు పాఠాలూ శ్రద్ధగా విన్నారు, రెండింటి లెక్కా వేరని ఎవరూ చెప్పలేదు. ఈ అన్యాయం నాకు కోపం తెప్పిస్తుంది.

వాక్యం ఎంత పొడవుందో చూడకండి. రెండు లైన్ల సింపుల్ సెంటెన్స్ ఉంటుంది, 'ఐ నో హి లైడ్' అనే నాలుగు మాటల కాంప్లెక్స్ ఉంటుంది. అందులో 'దట్' దాక్కుంది. 'ది బుక్ ఐ బాట్ ఈజ్ మిస్సింగ్' లో 'విచ్' దాక్కుంది. కలిపే మాట కనిపించకపోయినా రెండు క్రియలు కనిపిస్తే, ఆ మాట మీరే పెట్టుకుని చదవండి.

బికాజ్‌తో వాక్యం మొదలుపెట్టకూడదన్న నిషేధాన్ని ధిక్కరించండి. 'బికాజ్ ది బస్ వాజ్ లేట్, వి మిస్డ్ ది ట్రైన్' తప్పులేని వాక్యం. 'లేట్' దగ్గర ఫుల్‌స్టాప్ పెట్టి ఊరుకోవడమే తప్పు. ఆల్దోతో మొదలుపెడితే మధ్యలో బట్ పెట్టకండి. మన నోట ఆ రెండూ జంటగా వచ్చేస్తుంటాయి, ఒకటి చాలు.

ప్రశ్న కనిపించగానే క్వశ్చన్ మార్కు పెట్టే చెయ్యి కూడా ఆగాలి. 'టెల్ మి వేర్ ఈజ్ ది బస్టాండ్' అని చదువుకున్నవాళ్లూ అంటారు. తెలుగులో ఇదే మాట అనుకోండి: బస్టాండ్ ఎక్కడుందో చెప్పండి. ఆ 'ఉందో' చివరి ఓకారమే ప్రశ్నను నౌన్ క్లాజ్‌గా మార్చేసింది. వచ్చాడో, తిన్నారో, ఏమైందో అని మనసులో వినిపించిన చోటల్లా ఇంగ్లీషులో కర్తను ముందు పెట్టి క్రియను తర్వాత పెట్టండి: 'టెల్ మి వేర్ ది బస్టాండ్ ఈజ్'. ఈ కొండగుర్తు తెలుగువాడికి ఉన్న సౌకర్యం.

ఇంట్లో రెన్ అండ్ మార్టిన్ ఉంటే, అందులోనూ ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన ప్రతి అయితే, క్లాజుల అధ్యాయం వదిలేసి ట్రాన్స్‌ఫర్మేషన్, సింథసిస్ అధ్యాయాల అభ్యాసాలతో మొదలుపెట్టండి. ఒకే సంగతిని సింపుల్‌గా, కాంపౌండ్‌గా, కాంప్లెక్స్‌గా మూడుసార్లు రాసిన చేతికి ఆ పేర్లు వాటంతటవే అంటుకుంటాయి. పెన్సిల్‌తో రాయండి, కాలం చూపే ప్రతి క్రియ కిందా గీత గీస్తూ వెళ్లండి, కామాలు చివర్లో పెట్టుకోవచ్చు.