312 చూపుల మధ్య: ఒక బుల్లిగుడి ఆత్మకథ

బుల్లిగుడి తన కథ తానే చెప్పుకుంటుంది, కానీ ఎక్కడా ‘నేను’ అనదు. దానికి తన రూపం తెలిసింది ఇతరుల చూపుల్లోంచే. ఎదురుగా, పక్కగా, వెనకగా, పైనుంచి తీసిన 312 ఫోటోల్లో తనను తాను చూసుకున్నాక, బయట నిలబడి చెప్పడమే దానికి అలవాటైపోయింది.

ఎత్తు 16 సెంటీమీటర్లు, వెడల్పు 10, లోతు 8. ఒళ్లంతా ప్లాస్టర్. మెట్ల అరుగు మీద స్తంభాలు, వాటి తలమీద విరిగిపోయిన కప్పు మూల. అరచేతిలో నిలబెట్టుకోవచ్చు. ఇంత చిన్న బొమ్మ చుట్టూ కంప్యూటర్ విజన్ పరిశోధకులు ఏళ్ల తరబడి పోటీ పడ్డారు.

తల్లిగుడి ఇటలీలోని సిసిలీ దీవిలో ఉంది. అగ్రిజెంతో పట్టణం పక్కన గ్రీకులు క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో కట్టిన గుళ్లలో అదొకటి. కాస్టర్, పొలక్స్ అనే కవల దేవతల పేరు మీద దాన్ని పిలుస్తారు. కాలక్రమంలో గుడి కూలిపోయింది. 19వ శతాబ్దంలో నేల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న ముక్కలను ఏరి, నాలుగు స్తంభాలనూ వాటిమీది కప్పు మూలనూ మళ్లీ నిలబెట్టారు. అందులో వేరే కట్టడాల ముక్కలు కూడా కలిసిపోయాయి. ఇవాళ అగ్రిజెంతోకు గుర్తుగా అందరూ ఫోటోలు తీసుకునేది ఆ మూలనే. ఏ రాయి ఎక్కడిదో చూసి చెప్పగల సాక్షులు, దాన్ని మళ్లీ నిలబెట్టే నాటికి మిగల్లేదు మరి. తల్లిగుడికి దక్కని ఆ సాక్షులు బుల్లిగుడికి వందల్లో దొరికారు.

ఒకే వస్తువును రకరకాల కోణాల్లోంచి తీసిన ఫోటోలు చూసి, దాని ఉపరితలాన్ని మూడు కొలతల్లో తిరిగి కట్టడం కంప్యూటర్‌కు నేర్పాలి. 2000 తరువాతి ఏళ్లలో దీనికి కొత్త పద్ధతులు వరసగా వచ్చాయి. అయితే ఎవరి తూకం రాళ్లు వాళ్లవే. ఒకరు తమ పూలకుండీ ఫోటోల మీద, ఇంకొకరు తమ బొమ్మ మీద పరీక్షించుకుని, బాగా వచ్చిందనేవారు. ఏది ఎంత బాగో తేల్చే కొలబద్ద లేదు. ఆ లోటు తీర్చడానికి స్టీవ్ సైట్జ్, బ్రయన్ కర్లెస్, జేమ్స్ డీబెల్, డేనియల్ షార్‌స్టీన్, రిచర్డ్ సెలిస్కీ అనే ఐదుగురు పూనుకున్నారు. 2006లో వెలువడిన వాళ్ల పరిశోధనా పత్రంలో అందరికీ ఉమ్మడి పరీక్షగా రెండు ప్లాస్టర్ బొమ్మలు నిలిచాయి. ఒకటి బుల్లిగుడి. రెండోది వీపున పలకలున్న స్టెగోసారస్ అనే డైనోసార్ పిల్ల.

ఫోటోలు తీసింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని గ్యాంట్రీ. అదొక రోబో చేయి. మీటరు వ్యాసార్థం ఉన్న గోళం మీద ఎక్కడ ఆగమంటే అక్కడ కెమెరాను ఆపుతుంది. తేడా డిగ్రీలో నూరో వంతు. బుల్లిగుడి నడుమ కదలకుండా నిలబడింది. మూడు దీపాలు దాని మీద వెలుగు పోశాయి. చేయి ఆగినప్పుడల్లా ఒక ఫోటో. కొన్నిచోట్ల ఆ చేయి నీడే గుడి మీద పడేది. అలాంటి ఫోటోలను మనుషులు కూర్చుని ఏరి తీసేశారు. మిగిలినవి 312. ఒక్కోటి 640×480 పిక్సెళ్లు, అంటే మూడు లక్షల చుక్కలే. ఒక్కో చుక్క గుడి ఒంటి మీద పావు మిల్లీమీటరు మేర చూపిస్తుంది.

ఇన్ని ఫోటోలున్నా, ఏ ఒక్కదానిలోనూ లోతు లేదు. ముందు స్తంభం, వెనక స్తంభం ఒకే కాగితం మీద అతుక్కుని ఉంటాయి. లోతు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే బొటనవేలిని ముఖానికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి, తరువాత రెండోది మూసి చూడాలి. వేలు పక్కకు జరిగినట్టనిపిస్తుంది. వేలు దగ్గరగా ఉంటే ఎక్కువ జరుగుతుంది, దూరంగా ఉంటే తక్కువ. కంప్యూటర్ లెక్కంతా ఆ జరుగుబాటు మీదే. స్తంభం అంచున ఉన్న చిన్న సొట్టను మొదటి ఫోటోలో పట్టుకుంటుంది. కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకుంటే, అదే సొట్ట రెండో ఫోటోలో ఒక గీత మీదే ఉండి తీరాలి. ఆ గీత వెంబడి చిన్న చదరాన్ని జరుపుకుంటూ పోలిక వెతుకుతుంది. దొరికాక, రెండు కెమెరాల నుంచి ఆ సొట్ట వైపు రెండు తీగలు లాగినట్టు ఊహించుకోవచ్చు. తీగలు కలిసిన చోటే సొట్ట ఉంది. మూడో కెమెరా, నాలుగో కెమెరా కూడా ఔనంటే ఆ బిందువు ఖాయం.

బుల్లిగుడి ఈ విషయంలో అదృష్టవంతురాలు. దాని ఒళ్లంతా గరుకు, గుంటలు, పగుళ్లు. ఏ గుంట తీరు దానిదే, కంప్యూటర్ తికమక పడదు. డైనోసార్ పిల్ల కష్టం వేరు. దానికి రంగు వేయలేదు, ఒళ్లు నున్నన. తెల్లటి పొట్ట మీద ఏ చదరం తీసుకున్నా పక్క చదరంలాగే ఉంటుంది. సున్నం వేసిన గోడ తప్ప ఇంకేమీ కనబడని చోట నిలబడితే మనిషికైనా గోడ ఎంత దూరంలో ఉందో తెలియదు. అలాంటి చోట కంప్యూటర్ కూడా పోలిక దొరక్క తడుముకుంటుంది.

అప్పుడు ఆదుకునేది అంచురూపం. తోలుబొమ్మలాటలో తెర మీద నీడను బట్టి ఇది హనుమంతుడు, ఇది రావణుడు అని పిల్లలు సైతం చెప్పేస్తారు. వస్తువు అంచు అంత చెబుతుంది. ప్రతి ఫోటోలోనూ వస్తువు అంచుకు బయట పడే భాగాన్ని చెక్కేస్తూ పోతే లోపల ఒక ముతక ఆకారం మిగులుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో బ్రూస్ బౌమ్‌గార్ట్ 1974 నాటికే ఈ దారి చూపాడు. అయితే గిన్నె నీడలో గిన్నె లోపలి లోతు కనబడదు కదా. నొక్కుకుపోయిన గుంటలు అంచుల్లో పట్టుబడవు. పరిశోధకులు కుటులాకోస్, సైట్జ్ మరో అడుగు వేశారు. ఫోటోలన్నీ ఒకే రంగు చూపని చోట ఇంకా చెక్కాలన్నారు. శిల్పి ఉలి వేసే ముందు రాయి చుట్టూ తిరిగి చూసుకున్నట్టుగా ఉంటుందా పని.

ఈ విద్యకు హైదరాబాద్‌తోనూ బంధుత్వం ఉంది. 1990లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తకియో కనాదే, పీటర్ రాండర్‌లతో కలిసి, గుమ్మటం నిండా 51 కెమెరాలు బిగించి, లోపల కదిలే మనుషులను త్రీడీలో పట్టిన పి.జె. నారాయణన్, ఆ తరువాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి డైరెక్టరయ్యారు. ఆ గుమ్మటంలో మనుషులు కదులుతుంటే కెమెరాలు స్థిరంగా ఉన్నాయి. బుల్లిగుడి దగ్గర కెమెరా కదిలింది, గుడి కదల్లేదు.

ఎవరు కట్టిన రూపం అసలుకు దగ్గరో తేల్చాలంటే అసలు కొలతలు కావాలి. వాటిని లేజర్ స్కానర్ తీసింది. సన్నని వెలుగుగీత గుడి మీద పాకుతూ పోయింది. అలా సుమారు 200 స్కాన్లు తీసి, కలిపి ఒకటిగా అతికారు. ఈ కొలతలను మాత్రం బయటికి ఇవ్వలేదు. పరీక్ష రాసేవాళ్లకు ప్రశ్నపత్రం ఇస్తారు గానీ జవాబులు ఇవ్వరుగా. పరిశోధకులకు ఫోటోలు వెళ్లేవి, వాళ్లు కట్టిన గుడి తిరిగి వచ్చేది, దాన్ని లేజర్ గుడి పక్కన పెట్టి తూచేవారు.

తూకం రెండు రకాలు. కట్టిన ఉపరితలంలో 90 శాతం అసలుకు ఎంత దూరంలోపు ఉందో అది ఖచ్చితత్వం. అసలు గుడిలో ఎంత శాతానికి 1.25 మిల్లీమీటర్ల లోపు జోడీ దొరికిందో అది సంపూర్ణత. 2006లో ఆరు పద్ధతులను తూచారు. అంచురూపాన్నీ పోలికలనూ కలిపి వాడిన కార్లోస్ హెర్నాండెజ్, ఫ్రాన్సిస్ ష్మిట్‌ల పద్ధతి 312 ఫోటోలతో 0.36 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం, 99.7 శాతం సంపూర్ణత సాధించింది. పదహారే ఫోటోలు ఇచ్చినప్పుడు అదే పద్ధతి 0.75 మిల్లీమీటర్లకు, 95.3 శాతానికి జారింది. సాక్షులు తగ్గితే అంతే మరి.

మైఖేల్ గోసెలె బృందం పద్ధతి తీరు వేరు. చాలినన్ని ఫోటోలు ఒప్పుకోని చోట అది ఏమీ కట్టలేదు. పదహారు ఫోటోలతో గుడిలో చాలా భాగం ఖాళీగానే వదిలేసింది. చిల్లులు పడిన ఆ గుడి చూడ్డానికి బాగుండదు. అయినా బుల్లిగుడికి దానిమీద ప్రత్యేకమైన మమకారం. అందులో ఉన్న ప్రతి ముక్కకూ సాక్ష్యం ఉంది. అందంగా పూడ్చిన రూపాల్లో ఏది చూసిందో, ఏది ఊహించిందో కంటికి తెలియదు.

ఈ తేడా ఎంత విలువైనదో బామియాన్ చెబుతుంది. అఫ్గానిస్తాన్‌లోని ఆ లోయలో కొండకు చెక్కిన 53 మీటర్ల బుద్ధుణ్ణి 2001 మార్చిలో తాలిబాన్లు పేల్చేశారు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ సంస్థలో ఆర్మిన్ గ్రూన్ బృందం ఫోటోల ఆధారంగా ఆ రూపాన్ని కంప్యూటర్‌లో తిరిగి కట్టింది. ఆస్ట్రియా ప్రొఫెసర్ రాబర్ట్ కోస్ట్కా 1970 ఆగస్టులో కొలతల కోసం తీసిన మూడు ఫోటోలే వాళ్లకు ముఖ్య ఆధారం. కంప్యూటర్ దానంతటది కట్టిన రూపంలో చీవరం మడతలు నున్నగా చెరిగిపోయాయి. అందుకని పరిశోధకులు ఒక్కో మడత వెంబడీ బిందువులు చేత్తో కొలిచి, ముడుతలను మళ్లీ తెచ్చారు. అక్కడ కొలతల కోసం తీసినవి మూడు ఫోటోలే. కూలిన విగ్రహానికి నాలుగోది ఎవరూ తీయలేరు.

నిలిచి ఉన్న కట్టడాల సంగతి వేరు. 2009లో సమీర్ అగర్వాల్, నోవా స్నేవ్లీ, వాళ్ల సహచరులు రోమ్ పేరుతో ఇంటర్నెట్‌లో దొరికిన లక్షన్నర ఫోటోలను తీసుకుని, కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, కట్టడాల బిందువులు ఎక్కడున్నాయో ఒక్క రోజులోపే లెక్కగట్టారు. అక్కడ గ్యాంట్రీ లేదు. యాత్రికులు ఎవరికి తోచినట్టు వాళ్లు తీసిన ఫోటోలే సాక్షులయ్యాయి. అదే పద్ధతి ఇప్పుడు డ్రోన్‌లోకి, సెల్‌ఫోన్‌లోకి వచ్చేసింది. ఊరి గుడి మండపం చుట్టూ ఒక మనిషి ఫోన్ పట్టుకుని మెల్లగా తిరిగితే చాలు, స్తంభం మీది చెక్కడాలు త్రీడీలో నిలుస్తాయి. శిథిలమవుతున్న మండపాలకు సాక్షులు ఇంకా దొరికే కాలం ఇదే. అందుకే బుల్లిగుడి తన కథను ఇంత వివరంగా చెబుతోంది.

దాని తరువాత పెద్ద పరీక్షలు వచ్చాయి. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ 2014లో మళ్లీ ఒక రోబో చేతికే కెమెరా ఇచ్చి, పదుల కొద్దీ వస్తువులను ఇంకా స్పష్టంగా తీసింది. బుల్లిగుడి ఫోటోలు మాత్రం ఇప్పటికీ పాఠాల్లో తిరుగుతూనే ఉన్నాయి. కొత్తగా నేర్చుకునే విద్యార్థి ముందుగా 16 ఫోటోలు తెరుస్తాడు, తరువాత 47, చివరికి 312. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే చేరి, మెట్లు, స్తంభాలు, విరిగిన కప్పు వరసగా లేస్తాయి. విద్యార్థి దాన్ని మౌస్‌తో పట్టుకుని తిరగేస్తాడు. అరుగు కింది భాగం బోసిగా ఉంటుంది. బొమ్మ దానిమీదే నిలబడి ఉంది, అటువైపు ఏ కెమెరా వెళ్లలేదు.

అక్కడ ఒక్క చుక్క కూడా లేదు.