నకిలీ రెప్లికేషన్‌కు బహిరంగ లేఖ

మహారాజశ్రీ నకిలీ రెప్లికేషన్ గారికి, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గణాంక సలహాలు చెప్పుకుని బతికే మనిషి వ్రాయునది.

థీసిస్‌లు ఇచ్చే రోజులు దగ్గరపడితే చాలు, ఏదో ఒక ఎక్సెల్ షీట్‌లో దూరి మా గదికి దిగబడతారు. వరిలో 9 ట్రీట్‌మెంట్లు, 3 రెప్లికేషన్లు, మొత్తం 27 మళ్లు. మడికి ఐదేసి దుబ్బుల్లో పిలకలు లెక్కపెట్టారు. అంతవరకు సవ్యమే. ఆ ఐదింటి సగటు తీసి మడికొక అంకె వేసుకోవాలి. తమరేమో విద్యార్థి చెవిలో ఊదుతారు: "సగటెందుకు? దుబ్బుకో రెప్లికేషన్ అను. మూడు కాస్తా పదిహేనవుతాయి." ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో 16 ఉండాల్సిన ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ రాత్రికి రాత్రి 112 అవుతుంది. తేడా నిజమనడానికి దాటాల్సిన క్రిటికల్ డిఫరెన్స్ కుంచించుకుపోతుంది. నిన్న ఎన్‌ఎస్ (నాన్-సిగ్నిఫికెంట్) అని తేలింది ఇవాళ సిగ్నిఫికెంట్!

అయ్యా, ఎరువు వేసింది మడికి, దుబ్బుకు కాదు. ఒకే ఇంట్లో ఐదుగురిని అడిగి ఊరంతా ఒప్పుకుందంటే ఎవరు నమ్ముతారు? 1919లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన గణాంకవేత్త ఫిషర్, ఒకే ట్రీట్‌మెంట్‌ను వేర్వేరు మళ్లలో వేయమన్నది మడికీ మడికీ సహజంగా ఉండే తేడాను కొలవడానికే. తమరు దాచేసేది సరిగ్గా ఆ తేడానే. 1984లో పర్యావరణ శాస్త్రవేత్త స్టువర్ట్ హర్ల్‌బర్ట్ తమరిని పేరు పెట్టి మరీ నిలదీశాడు. అయినా తమరికి చీమ కుట్టినట్టయినా లేదు.

దుబ్బుల లెక్క పారేయమనను. మడి లోపలి తేడాను శాంప్లింగ్ ఎర్రర్‌గా విడిగా చూపితే అదీ పనికొస్తుంది. కానీ తమరి అసలు ఘనకార్యం డ్రిప్ నీటిపారుదల ప్రయోగాల్లో ఉంది. మూడు నీటి మోతాదులకు మూడే వాల్వులు, వాల్వుకొక పెద్ద చెక్క. దిగుబడిలో తేడా నీటిదా, నేలదా? పంట కోశాక ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. విద్యార్థికి ఒక సీజన్ పోయినట్టే. లేని తేడాను ఉందని సిఫార్సు చేస్తే ఆ పైన ఖర్చు రైతుది.

అందుకే తమరితో తగువు కోత అయ్యాక పెట్టుకోను. లేఅవుట్ కాగితం మీద ఉండగానే విద్యార్థిని, గైడునీ కూర్చోబెట్టి అడుగుతాను: "ట్రీట్‌మెంట్ వేసేది దేనికి? మడికా, మొక్కకా, వాల్వుకా?" జవాబు ఏదైతే, లెక్కపెట్టాల్సింది దాన్నే. ఇక తమరు వేరే పని చూసుకోవచ్చు.

ఇట్లు,
గణాంక సలహాదారు