వెనక వచ్చేవాళ్ల మనిషిని

నేను లారీ వెనక అడ్డకడ్డీని. నంబరు ప్లేటుకు దిగువన, ఎరుపు తెలుపు రేడియం పట్టీలు అతికించుకుని అడ్డంగా ఉంటాను. కాగితాల్లో నా పేరు రియర్ అండర్‌రన్ ప్రొటెక్షన్ డివైస్. ఇంజను లాగుతుంది, బ్రేకు ఆపుతుంది, చక్రం మోస్తుంది. నా వల్ల ఓనరుకు ఒక్క రూపాయి కిరాయి రాదు. నేను కాపాడవలసింది లారీని కాదు, దాని వెనక వచ్చే ముక్కూమొహం తెలియనివాళ్లను. అందుకే నన్ను ఎవరూ కోరి పెట్టించుకోరు. చట్టం పెట్టిస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో పుట్టాను. మేస్త్రీ నన్ను ఛాసీకి బిగించి, నేల నుంచి నా కింది అంచు దాకా టేపు పట్టి చూశాడు. ఖాళీ బండికి ఆ ఎత్తు 550 మిల్లీమీటర్లు దాటకూడదని ఐ.ఎస్. 14812 ప్రమాణం. ఆ కొలతలోనే నా బతుకంతా ఉంది. కారును తయారుచేసేవాళ్లు దాని ముందు భాగాన్ని దెబ్బ తగిలితే నలిగిపోయేలా చేస్తారు. ఆ నలగడంలోనే దెబ్బ జోరు చాలావరకు తీరిపోతుంది. కానీ అది నలగాలంటే ఎదురుగా ఏదో ఒకటి అడ్డు తగలాలి. లారీ బాడీ కారు బానెట్ కంటే ఎత్తులో ఉంటుంది. నేను లేకపోతే బానెట్ దాని కిందికి దూరిపోతుంది, బాడీ అంచు నేరుగా అద్దానికి, మనుషుల తలలకు తగులుతుంది. సీటు బెల్టూ ఎయిర్‌బ్యాగూ ఉన్నా చేయగలిగింది కొంచెమే.

మా వంశం పాతది. అమెరికాలో 1953లోనే లారీల వెనక కడ్డీ ఉండాలన్నారు కానీ, నేల నుంచి 30 అంగుళాల దాకా ఎత్తు ఉండనిచ్చారు. 1967 జూన్ 29న లూసియానాలో సినీనటి జేన్ మాన్స్‌ఫీల్డ్ ప్రయాణిస్తున్న కారు ఒక ట్రెయిలర్ కిందికి దూసుకుపోయింది. ముందు సీట్లోని ముగ్గురూ చనిపోయారు, వెనక సీట్లోని ముగ్గురు పిల్లలు బతికారు. ఆ తర్వాత అక్కడి జనం నన్ను ఆమె పేరుతోనే పిలవసాగారు. అయినా ఎత్తు 22 అంగుళాలకు తగ్గేసరికి 1998 వచ్చింది. ఆ ఎనిమిది అంగుళాల కోసం ముప్ఫై ఏళ్లు పట్టింది.

నా సంగతికొస్తే, ఇసుక రీచ్ ర్యాంపు ఎక్కేటప్పుడు నేలకు తగులుతున్నానని ఓనరు నన్ను ఊడదీయించాడు. షెడ్డు మూల పాత టైర్ల పక్కన తుప్పు పట్టాను. ఫిట్‌నెస్ రోజు రాగానే మళ్లీ నేను గుర్తొచ్చాను. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేని లారీకి రిజిస్ట్రేషన్ ఉన్నా లేనట్టే. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా బండిని చూపించాలి.

ఆ రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు వంగి, నన్ను పట్టుకుని ఊపి చూశారు.

"కడ్డీ అంతా తుప్పు, బోల్టులు మాత్రం మెరుస్తున్నాయి. పొద్దున్నే బిగించారా?"

"అవును సార్," అన్నాడు డ్రైవర్ తలవంచుకుని.

"వెనక వచ్చేవాడు నీ ఫిట్‌నెస్ తేదీ చూసుకుని గుద్దుతాడా?"

సర్టిఫికెట్ ఇవ్వలేదు. తుప్పు గీకి, బ్రాకెట్లు మార్చి తెచ్చాకే సంతకం పెట్టారు. ఆ మాట డ్రైవర్ మనసులో పడింది. మళ్లీ తీసేయమన్నప్పుడు, "వద్దండీ, రోడ్డు మీద బండితో ఉండేది నేను," అని ఓనరుకు గట్టిగా చెప్పాడు.

నందిగామ దాటాక ఒక వానరాత్రి, లోడుతో నెమ్మదిగా వెళుతున్నాం. వెనక కారు బ్రేకు వేసినా తడిరోడ్డు మీద జారి వచ్చి నన్ను గుద్దింది. నేను వంగాను, కానీ వదల్లేదు. బానెట్ నుజ్జయింది, ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాయి. భార్యాభర్తలూ, వెనక సీట్లో బిడ్డా తమ కాళ్ల మీదే దిగారు. వాళ్లు నావైపు చూడలేదు. చూడనక్కర్లేదు కూడా. ఒక అధికారి సంతకానికి తొందరపడకపోవడం వల్ల ఆ ముగ్గురూ బతికారని నాకు తెలుసు.

లారీ నడిపేవాళ్లకూ నడిపించేవాళ్లకూ నా మాట ఇది. బండి చెడిపోతే రోడ్డు మీద వదిలేయకండి. అది 122వ సెక్షన్ కింద నేరం. రాళ్లూ కొమ్మలూ పెట్టి సరిపెట్టుకోకుండా మెరిసే త్రికోణం పెట్టండి. నా మీది రేడియం పట్టీల బురద రోజూ తుడవండి. దెబ్బ తిన్న కడ్డీని సుత్తితో సాపుచేసి మళ్లీ వాడకండి. ఒకసారి వంగిన ఉక్కు రెండో దెబ్బకు ఆగుతుందన్న భరోసా లేదు. నన్ను తీసేసి కొత్తదాన్ని బిగించండి. దాని ఖర్చు బండి ఖర్చుల్లో చాలా చిన్నది.