బతికున్నానని చెప్పాలన్నా హాట్‌స్పాటే

మా మంకమ్మతోటలో పొద్దున్నే నడిచే రిటైర్డ్ మిత్రులందరికీ ఫోన్ ప్లాన్ల మీద సలహాదారును నేనే. ఇంటర్నెట్ అక్కర్లేనివాళ్ల కోసం మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే రీఛార్జి ఒక్కటైనా పెట్టి తీరాలని 2024 డిసెంబర్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. మరుసటి నెలలోనే ఎయిర్‌టెల్ 469 రూపాయలకు 84 రోజుల ప్లాన్ దించింది. అలాంటిది నేనూ వేయించుకుని, "ఈ వయసులో మనకు నెట్టెందుకయ్యా?" అని ఉపన్యాసాలు మొదలుపెట్టాను.

ఉపన్యాసంలో చెప్పని సంగతి ఒకటుంది. వాట్సాప్, యూట్యూబ్, బంగారం ధర, అన్నీ నేను చూసేది మా ఆవిడ హాట్‌స్పాట్ మీద.

ఆమెది రోజుకు 1.5 జీబీ. అది అయిపోయాక మిగిలేది 64 కేబీపీఎస్. గులాబీపువ్వు శుభోదయం తెరుచుకునేసరికి సాయంత్రమవుతుంది. "ఇగో, మీ ఫోన్ల ఏం నడుస్తాంది? నా సీరియల్ గిర్రున తిరుగుతాంది!" అని వంటింట్లోంచి కేక రాగానే ఫోన్ బోర్లించి పేపర్ అందుకుంటాను. ఎవరెవరు తగులుకున్నారో చూసే జాబితా మా మనవడు ఆమెకు చూపించి నా కొంప ముంచాడు. పాస్‌వర్డ్ మారింది. కొత్తది 'పిసినారి469'. కాళ్లావేళ్లా పడితే చెప్పింది, నాచేతనే టైప్ చేయించింది.

హాట్‌స్పాట్‌కు రెండు బ్యాండ్లుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి వస్తుంది గానీ నిదానం. 5 గిగాహెర్ట్జ్‌ది పరుగే, గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. అందుకే కుర్చీ వంటింటి గడప దగ్గరికి జరిపాను. ఏళ్ల తర్వాత మొగుడు పక్కన కూర్చుంటున్నాడని ఆమె ముందు మురిసింది కూడా. నేనక్కడ చేసేది స్పీడ్ టెస్టు. 5జీ మీద ఒక్కసారి కొలిస్తేనే వందల ఎంబీలు కరుగుతాయి. ఆమె డేటాలో నేను వాడిందానికన్నా కొలిచింది ఎక్కువ.

ఉట్నూరు అవతల మా బావమరిది ఊళ్లోనూ ఈ విద్య చూపబోయాను. జన్నారం దాటి కవ్వాల్ అడవిలో పడ్డాక ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మా వాడు నా లెక్కలన్నీ ఓపిగ్గా విని, "బావా, ఈడ ప్లాన్ ఎవడు జూస్తడు? ఏ టవర్ అందితే గా సిమ్మే" అన్నాడు. అయినా నా లెక్కలు ఆగలేదు. 2025 దీపావళికి బీఎస్‌ఎన్‌ఎల్ అరవై దాటినవాళ్లకు 'సమ్మాన్' అని 1812 రూపాయలకు ఏడాది ప్లాన్ పెట్టింది, రోజుకు 2 జీబీ. కొత్తగా చేరేవాళ్లకే, నెల రోజులే. మిగతావాటితో పోల్చి పట్టిక గీసేసరికి గడువు తీరింది.

ఆ ఏడాది నవంబర్‌లోనే పింఛను కోసం బతికున్నట్టు రుజువు, అదే జీవన్ ప్రమాణ్, ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడది ఫోన్‌కు ముఖం చూపిస్తే చాలు. కళ్లార్పమంది, ఆర్పాను. అంతలో హాట్‌స్పాట్ ఆగింది. నేను బతికున్నట్టు సర్కారుకు తెలియాలె, జర ఆన్ చెయ్యమని మొత్తుకున్నాను. "జర ఆగున్రి, ప్రకటనలు రానియ్యున్రి" అంది.

కాబట్టి తోటి పెద్దలారా, మాటల ప్లాన్ నిక్షేపంగా వేయించుకోండి. ఇంట్లో డేటా ఉన్న మనిషితో మాత్రం తగవు పెట్టుకోకండి, నవంబర్‌లో అసలే వద్దు.